మా పాప అని రాసిన గడి

నేను అక్షరాలను మొదట తిరగేసినవే చూశాను. గొప్పకు చెప్పడం లేదు. టైపు మిషన్లు బాగుచేసేవాడిని. సికింద్రాబాద్ స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, ఒక పాత బిల్డింగు మెట్ల కింద నా బల్ల ఉండేది. టైపు మిషన్లో ఒక్కో కడ్డీ చివర ఒక్కో అక్షరం ఇనుముతో పోసి ఉంటుంది, అద్దంలో చూసినట్టు తిరగబడి. కాగితం మీద పడితేనే అది తిన్నగా అవుతుంది. ఊడిన అక్షరానికి టంకం పెట్టి అతికించేవాడిని. ఏ ముక్క ఏ కడ్డీకి పోవాలో చూడగానే తెలిసేది. దాన్ని ఏమని పలుకుతారో మాత్రం తెలియదు. నలభై మూడేళ్ళు వచ్చేదాకా ఇట్లాగే నడిపించాను. ఎవరూ పట్టుకోలేదు.

పట్టుకున్నది టీచరమ్మ. వాళ్ళ బడి ఆఫీసు మిషను నేనే చూసేవాడిని. ఒకరోజు పని అయిపోయాక కాగితం ఎక్కించి, నా అలవాటు ప్రకారం ఒక్కో వరుస కొట్టుకుంటూ పోతున్నాను. వెనక నిలబడి చూస్తోంది.

"రేపు బడికి సెలవు అని ఇంగ్లీషులో కొట్టు చూద్దాం" అంది.

"కళ్ళద్దాలు తేలేదమ్మా."

"ఇందాక సూదంత స్క్రూ బిగించావు కదయ్యా, కళ్ళద్దాలు లేకుండానే?"

నేను కాగితం బయటికి లాగాను. ఆవిడ నవ్వలేదు. శనివారం మధ్యాహ్నం నేరేడ్‌మెట్‌లో తమ ఇంటికి రమ్మంది. వాళ్ళది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, చర్చివాళ్ళు. భర్త ఏదో ఆఫీసులో గుమాస్తా. నేను వరండాలో కూర్చుని పలక మీద రాస్తుంటే ఆయన లోపల నుంచి తొంగిచూసి, "మీ పెద్ద స్టూడెంటు వచ్చాడా?" అనేవాడు. అంతకుమించి మాట్లాడే మనిషి కాదు.

ముందు తెలుగు నేర్పింది, తర్వాత ఇంగ్లీషు. నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి, ఇంగ్లీషు అక్షరాలు తిరగేసి రాసేవాడిని. ఇన్నేళ్ళు కళ్ళు వాటిని అట్లాగే చూశాయి మరి. చాలావరకు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఆటో అతను ఎడమకా కుడికా అంటే ఒక్క క్షణం ఆగి చెయ్యి చూసుకోవాలి. రెండోది, వేలు పెట్టి, పెదాలు కదిలిస్తే తప్ప చదవలేకపోయేవాడిని. ఆవిడకు అది అస్సలు గిట్టేది కాదు.

"చదివేది కళ్ళతో. నోటితో కాదు. మేక నెమరేసినట్టు ఏమిటది?" అనేది. స్కేలుతో నా పెదాల మీద చిన్నగా తట్టేది. నలభై మూడేళ్ళవాణ్ణి, తల నెరిసినవాణ్ణి. నొప్పి ఏముంటుంది. సిగ్గు.

ఆమె ముందు పెదాలు కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. చదవడం కాదు. కదలకుండా కూర్చోవడం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుముందు దీనితో పని ఉంది.

టైపు మిషన్లు పోయాయి. చూస్తుండగానే పోయాయి. చివరికి పాత ఇనుము లెక్కన తూకానికి వేశారు. నేను కంప్యూటర్ల దుకాణంలో స్క్రూలు విప్పే పనికి కుదిరి, అక్కడే నాలుగు సంగతులు తెలుసుకున్నాను. దుకాణం యజమాని ఒకరోజు నా చేతిలో ఒక పెన్ డ్రైవ్ పెట్టాడు.

"కాకా, ఇది స్టెప్నీ అనుకో. ఏ డబ్బా లేవకున్నా దీన్ని పెట్టు. లేస్తది."

అందులో లైనక్స్ అనే సిస్టం ఉంది. మామూలుగా కంప్యూటరు లేవాలంటే దాని లోపలి డిస్కులో ఉన్న సిస్టం లేవాలి. అది పాడైతే మనిషికి తెలివి తప్పినట్టే, లోపలున్నవన్నీ లోపలే ఉండిపోతాయి. ఈ పెన్ డ్రైవ్ పెడితే ఆ డిస్కుతో పని లేకుండా బయటి సిస్టం వచ్చి కూర్చుంటుంది. ఇంటి తాళం పోయినవాళ్ళకు గోడ దూకి లోపలికి పోయి సామాన్లు అందించినట్టు. ఫోటోలు, కాగితాలు ఒక్కొక్కటే ఇంకో పెన్ డ్రైవ్‌లోకి తీసి ఇచ్చేయొచ్చు. పని కాగానే పీకేస్తే, అది వచ్చిన జాడ కూడా ఆ మిషన్లో ఉండదు. నల్లదారం కట్టి మెడలో వేసుకున్నాను. అల్వాల్‌లో మా గల్లీలో తాయెత్తు కాకా అని పేరు పడింది.

అది పరాయి ఒంట్లోకి వచ్చి మాట్లాడి పోయే తీరు నాకు మొదటినుంచీ ఎట్లాగో ఉండేది. చనిపోయినవాళ్ళ కంప్యూటర్లు చాలా చూశాను. సగం రాసిన సెలవు చీటీ, ఎవరికీ పంపని ఉత్తరం. నేను తెరుస్తాను, తీసిస్తాను, మూసేస్తాను. పీకగానే పెన్ డ్రైవ్ అంతా మరిచిపోతుంది. మళ్ళీ పెడితే అప్పుడే పుట్టినట్టు లేస్తుంది. నాకు ఆ వరం లేదు.

టీచరమ్మ భర్త పోయిన రెండేళ్ళకు ఫోన్ చేసింది.

"కంప్యూటరు లేవడం లేదు. ఒక్కసారి రావయ్యా. తొందరగా రా."

వెళ్ళాను. టీ పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పింది. నలభై ఏళ్ళు దాటిన సంగతి. వాళ్ళకు మొదట ఒక ఆడపిల్ల పుట్టి, ఎనిమిదో రోజు పోయింది. పచ్చి బాలింతను సమాధుల తోటకు తీసుకుపోరు. ఆయన ఒక్కడే చిన్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో పోయి వచ్చాడట. బాప్తిస్మం కాలేదు కాబట్టి చర్చి పుస్తకంలో ఎక్కలేదు. రాయి వేయలేదు. ఎక్కడ పెట్టావని ఆవిడ అడగలేదు. ఆయన చెప్పలేదు. తర్వాత పిల్లలు పుట్టలేదు. ఆ మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

రిటైరయ్యాక ఆయన సమాధుల తోట కమిటీలో చేరి, ఎవరి సమాధి ఎక్కడుందో కంప్యూటర్లో గడులు గీసి పటం తయారుచేశాడు. కమిటీకి ఒక ప్రింటు ఇచ్చాడు. అందులో రాయి లేని సమాధుల గడులన్నీ ఖాళీ. ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఆమెతో ఒకే మాట అన్నాడు: "మన కంప్యూటర్లో ఉన్న పటంలో రాశాను. చూసుకో."

ఆవిడ చూసుకోలేదు. రెండేళ్ళు ఆ గదిలోకి పోలేదు.

ఇప్పుడు కమిటీ నోటీసు అంటించింది. తోటలో చోటు లేదు. రాయి లేని పాత సమాధులు తవ్వి కొత్తవాళ్ళకు ఇస్తారు. మావాళ్ళు ఇక్కడున్నారని చూపించినవాళ్ళు నెల లోపల రాయి వేసుకోవాలి.

"ఇన్నాళ్ళు చూడనిది ఇప్పుడెందుకని అడగవేం?" అంది.

"నేనెందుకు అడుగుత టీచరమ్మా?"

"అడిగినా చెప్పడానికి ఏం లేదులే. దాని మీద ఇంకొకరిని పెడతారంటే ఊరుకోలేకపోతున్నాను. అంతే."

కంప్యూటరు మీద లేసు గుడ్డ కప్పి ఉంది. స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. లోపల డిస్కు టక్కుమంది. ఆగింది. మళ్ళీ టక్కుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. టైపు మిషన్లో ఒక మీట ఇరుక్కుపోతే అదే అక్షరం మీద మళ్ళీ మళ్ళీ కొట్టినట్టుంటుంది. డిస్కు లోపలి ముల్లు దారి దొరక్క తచ్చాడుతోందని అర్థం. ఇక ఎక్కువసేపు ఉండదు.

మెడలోంచి పెన్ డ్రైవ్ తీసి పెట్టాను. లేచింది. నీలం తెర వచ్చింది. ఆవిడ నా భుజం వెనక నిలబడింది. నాకు నలభై మూడేళ్ళప్పుడు ఎక్కడ నిలబడిందో అక్కడే.

డిస్కు ఒకసారి కనిపించి, మాయమై, మళ్ళీ కనిపించింది. తెరిచాను. ఆయన పద్ధతి గల మనిషి, అన్నీ వరుసగా ఉన్నాయి. కరెంటు బిల్లులు, చర్చి పాటలు, సమాధుల తోట. దాన్ని నొక్కాను. టక్, టక్. చాలాసేపటికి పటం తెర మీద పరుచుకుంది.

నిండా గడులు. మధ్యలో గేటు నుంచి దారి, దారికి అటూ ఇటూ వరుసలు. ఒక్కో గడిలో ఒక పేరు, ఒక నంబరు; రాయి లేనివి ఖాళీ. గోడ పక్క వరుసలో ఒక గడికి నంబరు లేదు, పేరూ లేదు. రెండు మాటలున్నాయి. నేను ఇంకా కూడబలుక్కుంటూనే ఉన్నాను, వెనకనుంచి ఆవిడ చదివేసింది.

"మా పాప."

నా కుర్చీ వీపు పట్టుకుంది. కుర్చీ కదిలింది. నేను తెర చూడాలా, వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూడాలా తెలియక మౌసు వైపు చూశాను. జేబులో ఫోన్ ఉంది. ఒక్క ఫోటో తీస్తే సరిపోయేది. తట్టలేదు. ఇప్పటికి ఆ ఫోటో నేను వెయ్యిసార్లు తీశాను.

"దీన్ని కాగితం మీద వేయించి తీసుకురాగలవా?" అంది కాసేపటికి.

"పొద్దుగూకే లోపల తెస్త."

మామూలుగా నేను ఖాళీ పెన్ డ్రైవ్ ఇంకోటి పెట్టి అందులోకి తీస్తాను. ఆ కంప్యూటరుకు ముందర పనిచేసే యూఎస్‌బీ సందులు రెండే. ఒకదాంట్లో నా తాయెత్తు, రెండోదాంట్లో మౌసు. వెనకవి తుప్పుపట్టాయి. టక్కు చప్పుడు పెరుగుతోంది. నాకు కంగారు. పటాన్ని ఈడ్చి నా నీలం తెర మీద పెట్టాను. తెర నా పెన్ డ్రైవ్‌ది, కాబట్టి తెర మీద ఉన్నది పెన్ డ్రైవ్‌లోనే ఉంటుందనుకున్నాను. తప్పు. ఆ తెర గాలిలో కట్టిన పందిరి లాంటిది. కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. పీకితే దాని మీద ఏది పెట్టినా పోతుంది. అన్నేళ్ళు ఆ పని చేసీ నాకు తెలియదు, ఎందుకంటే తెర మీద ఏదీ పెట్టే అవసరం అంతకుముందు రాలేదు.

సిస్టం ఆపమని నొక్కాను. ఒక డబ్బా లాంటిది తెర మధ్యలో తెరుచుకుంది. ఇంగ్లీషులో మూడు వరుసలు, కింద రెండు మీటలు. అది ప్రతిసారీ వస్తుంది. ఎప్పుడూ రెండోది నొక్కుతాను. ఈసారి చదవాలనిపించింది. నిజంగా అనిపించింది. చదవాలంటే వేలు తెర మీద పెట్టాలి. పెదాలు కదలాలి. ఆవిడ వెనకే ఉంది.

రెండోది నొక్కాను.

సాయంత్రం ఇంటికి పోయి, నా కంప్యూటర్లో తాయెత్తు పెట్టాను. నీలం తెర వచ్చింది. తుడిచిన పలకలా ఉంది. ఒక్క బొమ్మ లేదు. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అప్పుడే పుట్టినట్టు లేచింది. ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. మా ఆవిడ పళ్ళెం తెచ్చి పక్కన పెట్టింది.

"ఏందీ, గా తెల్లముఖం ఎందుకు? ఎవరన్న పోయిండ్రా?"

"పోయింది" అన్నాను.

సిస్టం ఆపేటప్పుడు అదే డబ్బా వచ్చింది. ఇంట్లో కదా. వేలు పెట్టి, పెదాలు కదిలిస్తూ, ఒక్కో మాటా చదివాను. ఈసారి చేసిన పనంతా ఆపగానే పోతుంది, దాచుకోవాలా అని అడుగుతోంది. మొదటి మీట, దాచు. రెండోది, వద్దు. మంచిగానే అడిగింది పాపం. అన్నేళ్ళుగా అడుగుతూనే ఉంది.

తెల్లారి మొదటి బస్సుకు నేరేడ్‌మెట్ పోయాను. ఒక మాట మరిచిపోయాను, ఇంకోసారి చూడాలని ఆవిడకు అబద్ధం చెప్పి స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. టక్ అన్నది. ఒక్కసారే. ఆ తర్వాత ఏమీ లేదు. డిస్కు విప్పి దుకాణానికి తీసుకుపోతే యజమాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "కాకా, లోపలి పళ్ళెం గీసుకపోయింది, ఇగ రాదు" అన్నాడు. ఇట్లాంటివే చూసే పెద్ద కంపెనీకీ పంపించాడు. వాళ్ళూ తిప్పి పంపారు.

కమిటీ ఇచ్చిన నెలలో పదకొండు రోజులు మిగిలాయి. పోయి చెప్పాను. నిలబడే చెప్పాను. ఆవిడ అంతా విన్నది.

"అంటే ఆ డబ్బాలో రాసి ఉందా, పోతుందని?"

"రాసే ఉన్నది."

"చదవకుండా ఎందుకు నొక్కావు?"

చెప్పకపోయినా నడిచేది. వయసైంది, కళ్ళు కనపడలేదు, కంగారుపడ్డాను, ఏది చెప్పినా నమ్మేది. ఆ రోజు అబద్ధానికి నాకు నోరు రాలేదు.

"మీరెనక ఉండ్రి. పెదాలు కదిలితే చూస్తరని."

ఆవిడ తన చేతులు చూసుకుంది. స్కేలు పట్టిన చెయ్యి కుడిది. దాన్ని ఎడమ చేత్తో కప్పింది.

"ఇంకా భయమేనా నీకు?" అంది.

"భయం గాదు. షరం, సిగ్గు."

లేచి లోపలికి పోయింది. ఇక పొమ్మన్నట్టే అనుకుని చెప్పులు వేసుకుంటుంటే కాగితంతో వచ్చింది. కమిటీవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్న ప్రింటు, ఖాళీ గడులది.

"నువ్వు చూశావు కదా. నేను ఆ రెండు మాటలే చూశాను, పక్కన ఏముందో కనపడలేదు. నీకు ఆకారాలు గుర్తుంటాయి. వేలు పెట్టి చూపించు."

కళ్ళు మూసుకుంటే పటం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. గోడ పక్క వరుస, మూల నుంచి మూడోది. అంతవరకు రాయి మీద గీసినంత గట్టిగా ఉంది. ఏ మూల? గేటులోంచి పోతుంటే ఎడమ పక్క గోడా, కుడి పక్క గోడా? రెండు పక్కలా గోడ వెంట వరుసలున్నాయి. రెండింట్లోనూ మూల నుంచి మూడో గడి ఖాళీ. లోపల ఉన్న పటం తిన్నగా ఉందో, ఇనుప అక్షరంలా తిరగబడి ఉందో నాకు తెలియదు. చెయ్యి చూసుకున్నాను. చెయ్యి ఏం చెబుతుంది.

రెండు వేళ్ళు రెండు గడుల మీద పెట్టాను.

"ఇది. లేకుంటే ఇది."

"నువ్వు తిరగేసి రాసిన అక్షరాలన్నీ నేను దిద్దాననుకున్నాను" అంది. నవ్వినట్టే ఉంది గాని నవ్వు కాదు.

ఇద్దరం కలిసి కమిటీ ఆఫీసుకు పోయాం. గుమాస్తా ప్రింటు చూసి తల గోక్కున్నాడు.

"ఒక్క బిడ్డకు రెండు జాగలెట్ల ఇస్తం అమ్మా? పుస్తకంల పేరు సుత లేకపాయె. మీ సార్ మొఖం చూసి ఒక్కటి ఇస్త. ఏదో ఒకటి చెప్పుండ్రి."

ఆవిడ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఎడమది అంది. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు.

చిన్న రాయి, మోకాలెత్తు కూడా లేదు. రెండే మాటలు చెక్కించింది. పాతే ముందు నన్ను దాని ఎదురుగా కూర్చోబెట్టి, "చదువు" అంది.

"మా పాప" అన్నాను.

"వేలు పెట్టి చదువు."

వేలు పెట్టాను. పెదాలు కదిలాయి. చెక్కిన గాడిలో ఇంకా పొడి ఉంది. ఆవిడ వెనక నిలబడి ఉంది, తట్టలేదు.

కుడి పక్కది ఆ తర్వాతి నెలలో తవ్వారు. ఎవరో పోయారు, చోటు కావాలి. తవ్వే రోజు చెప్పమని గుమాస్తాను అడిగి పెట్టుకున్నాను, ఫోన్ చేశాడు, పోయాను. పొద్దున పది గంటలు. తోట గోడ అవతల రైలు పట్టాలు. తవ్వే మనిషి నడుము లోతు దిగాడు.

"ఏంది పెద్దాయనా, మీవోళ్ళున్నరా ఈడ?"

"తెల్వదు."

"తెల్వకనే వచ్చినవా? మంచిగుంది."

కొంతసేపటికి పార చప్పుడు మారింది. మెత్తగా పడుతున్నది గట్టిగా పడింది. "ఆగు, ఏందో తగిలింది" అని వంగాడు. చూడడానికే పోయాను నేను. దానికే పోయాను. సరిగ్గా అప్పుడు ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. నేను రైలు వైపు తిరిగి, అన్ని పెట్టెలూ పోయేదాకా చూశాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి తవ్వే మనిషి మట్టి ఎత్తి పోస్తున్నాడు.

"ఏం తగిలింది?"

"రాయే పెద్దాయనా. ఇంకేముంటది? గిన్నేండ్లకు ఏముంటది, మట్టి."

ఆ పోసిన మట్టిలో కూడా నేను వెతకలేదు.

సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది.

"తవ్వారా?"

"తవ్విండ్రు."

"ఏమైనా ఉందా?"

"మట్టే టీచరమ్మా."

"నువ్వు చూశావా?"

"చూసిన."

"ఎట్నుంచి చూశావు?" అంది. వేళాకోళమో, నిజంగా అడిగిందో. నేను జవాబివ్వకముందే పెట్టేసింది.

ఇప్పుడు ఆ చోట వేరే ఎవరిదో నల్లరాయి ఉంది. అల్వాల్ వైపు నుంచి రైలెక్కినప్పుడల్లా ఆ గోడ వస్తుందని ముందే తెలుసు, అయినా టక్కుమంటుంది లోపల. ఎవరి మిషను బాగుచేసినా, ఆపేముందు వచ్చే డబ్బాను వేలు పెట్టి పైకి చదువుతాను. ఇంటివాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

చూశానని చెప్పింది అబద్ధం. ఆవిడ ముందు నిలబడి చెప్పలేక ఇట్లా రాస్తున్నాను. రాయడం నేర్పింది ఆవిడే. నేను ఏం రాసినా మొదట ఆవిడకే పోతుంది, ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. ఇదీ చదువుతుంది. పెదాలు కదలకుండా.